మంచం చెప్పిన చాడీలు

ప్రియమైన శ్రీవారికి,

నేను బాగానే ఉన్నాను. విరిగిన తుంటి ఎముక ఎప్పుడో అతుక్కుంది గానీ వాకర్ లేకుండా ఇంకా అడుగు పడటం లేదు. గుండె మాత్రం ఎప్పటిలాగే తనకి బుద్ధి పుట్టినప్పుడు పరుగందుకుంటోంది. డాక్టరు చూసి "పర్వాలేదు" అన్నాడు. గోడని చూపించినా ఆయన అదే మాట అంటాడు.

ఫోన్ చెయ్యలేదని అలగకండి. నాకు మీ మాట వినబడదు, వినబడలేదని మీరు అరుస్తారు, ఆ అరుపు మా అంతస్తు మొత్తం వింటుంది. పోయినసారి "ఉల్లిపాయలు ఎక్కడ పెట్టావు" అని మీరు అడిగితే, పక్క గదావిడ పాపం తన ట్రేలోంచి ఉల్లిపాయ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. ఉత్తరాలే మేలు. పైగా ఇప్పుడు రాయబోయేది నలుగురూ వినాల్సిన మాట కాదు.

మా వృద్ధుల హోమ్‌కి కొత్త యంత్రాలు వచ్చాయి. పరుపు కింద ఒక పట్టీ పరిచారు. నేను పడుకున్నానా, లేచానా, ఎటు దొర్లాను, ఊపిరి ఎలా తీస్తున్నాను, అన్నీ అది నర్సుల గదిలో ఉన్న తెరకి చేరవేస్తుంది. దానికి ఆడపడుచు అని పేరు పెట్టాను. పైకప్పుకి ఒక తెల్లటి డబ్బా బిగించారు. అది ఫొటోలు తియ్యదట, మనిషి నీడని మాత్రం కనిపెట్టి ఉంటుందట, పడిపోతే గంట కొడుతుందట. అది అత్తగారు. అత్త లేని కోడలుత్తమురాలు అంటారు. డెబ్బై దాటాక నాకు ఆ అదృష్టం కూడా పోయింది.

అసలు సంగతికి వస్తాను. కింది అంతస్తు చివర జంట గది ఖాళీ అయింది. అందులో ఉండే కెప్టెనూ ఆయన భార్యా కూతురి ఊరికి మారిపోయారు. రెండు కిటికీలు, రెండు మంచాలు, మధ్యలో ఒక చిన్న బల్ల. నా ఫీజూ మన ఇంటి అద్దే కలిపితే అయ్యేదానికంటే ఆ గదికి తక్కువే అవుతుంది. ఇప్పటిలా రెండు చోట్ల ఖర్చు పెడుతూ పోతే వచ్చే ఏడాదికి మనం దాచుకున్నది అడుగంటుతుందని మీకూ తెలుసు. అప్పుడు నన్ను ఉచిత వార్డుకి మార్చాలి. అక్కడ చూడటానికి వచ్చినవాళ్ళు గాజు తలుపు అవతలే నిలబడాలి.

కానీ ఆ గది ఇవ్వాలంటే ఇద్దరికీ రెండో గ్రేడ్ ఉండాలట. మొదటి గ్రేడ్ అంటే తన పని తను చేసుకోగలడు, హోమ్ అక్కర్లేదు. రెండు అంటే రోజూ ఎవరో ఒకరు సాయం ఉండాలి. మూడు అంటే మంచం దిగలేడు. నాది రెండు. మీరేమో గుండ్రాయిలా ఉన్నారు. ఇప్పుడు డాక్టర్లు గ్రేడ్ ఇవ్వటం లేదు, యంత్రాలే ఇస్తున్నాయి. మేనేజరమ్మ మన ఇంటికి మనిషిని పంపి ఇవే యంత్రాలు ఒక నెల పాటు పెట్టిస్తుంది. ఆ నెల మీరు ఊరు దాటకూడదు, అంటే నన్ను చూడటానికి కూడా రాకూడదు.

కాబట్టి మీరు నటించాలి. ముప్పై ఏళ్ళు బడిలో నాటకాలు వేయించినదాన్ని, చెట్టు వేషం వేసినవాడి చేత కూడా కన్నీళ్ళు పెట్టించాను. మీరెంత? కుర్చీలోంచి ఒక్కసారిగా లేవకండి, ఒకసారి లేవబోయి కూలబడి మళ్ళీ లేవండి. నడిచేటప్పుడు గోడ పట్టుకోండి. పొయ్యి మీద ఏదైనా పెట్టి కాస్త మరిచిపోండి. వంట మానేసి బ్రెడ్‌తో సరిపెట్టండి. పగలు కునుకు తియ్యండి. ఎవరైనా అడిగితే "ఆఁ, బాగానే ఉన్నా" అని విసుక్కోండి, నిజంగా బాగాలేనివాళ్ళు అలాగే అంటారు.

పాత్రలో లీనమవుతారని ఆశిస్తూ,
మీ పంతులమ్మ

*

ప్రియమైన పంతులమ్మకి,

నీ ఉత్తరం చదివి ఒక పూట నీతో మాట్లాడకూడదనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది నువ్వు ఇక్కడ లేవని. అలగడానికి కూడా మనిషి ఎదురుగా ఉండాలి.

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు పెళ్ళానివై ఉండి నాకు నువ్వు చెప్పే నీతి ఇదా? పళ్ళెం కింద మైనం అంటించినవాణ్ణి, తూచేటప్పుడు బొటనవేలు ఆనించినవాణ్ణి, అందరినీ పట్టుకున్నాను. ఇప్పుడు నేనే వేలు ఆనించాలా? అయినా నీ మాట కాదనలేక యంత్రాల అమ్మాయిని ఇంట్లోకి రానిచ్చాను. నటిస్తానని మాటివ్వను. ప్రయత్నిస్తాను, అంతే.

ఆ అమ్మాయి చురుకైనది. పరుపు కింద, కుర్చీ కింద, వీధి తలుపుకి, ఫ్రిజ్‌కి, కెటిల్‌కి చకచకా అంటించేసింది. నా మణికట్టుకి ఒక పట్టీ కట్టింది. "సార్, మీరు మామూలుగా ఉండండి, వీటి సంగతి మరిచిపోండి" అంది. కొత్త కాటా వస్తే దాన్ని పరీక్షించకుండా మరిచిపోవడం నా వల్ల అవుతుందా? తూకం సరైనదో కాదో తెలియకుండా దాని తీర్పు ఎలా ఒప్పుకుంటాం?

అటక మీద నా ఇత్తడి తూనికరాళ్ళ పెట్టె ఉంది కదా, దాన్ని దింపించాను. దింపడానికి ఎదురింటి దర్జీని పిలిచాను, రోజంతా మిషను ముందు కూర్చుంటాడు, అతనికీ కాస్త వ్యాయామం అవుతుందని. రాళ్ళన్నీ వరసగా మంచం మీద పేర్చి, దుప్పటి కప్పి, ముందు గదిలో కూర్చుని పేపరు చదువుకున్నాను. మధ్యాహ్నానికి ఫోన్. ఆ అమ్మాయే. "సార్, మీరు పొద్దుటి నుంచి కదలటం లేదు, ఊపిరి కూడా తీస్తున్నట్టు లేదు, బాగానే ఉన్నారా?" అంది. "అమ్మాయీ, ఊపిరి లేనివాడు ఫోన్ ఎలా ఎత్తాడు?" అన్నాను. రాళ్ళ సంగతి చెబితే ముందు తిట్టింది, తర్వాత నవ్వింది. ఏమైనా యంత్రం మంచిదే. రాళ్ళకి ఊపిరి ఉండదని సరిగ్గా కనిపెట్టింది.

కెటిల్ అడుగు మాడిపోయింది, అది కెటిల్ తప్పు. కొత్తది కొన్నాను, ఆ అమ్మాయి వచ్చి దానికీ ఒకటి అంటించింది. ఇంకేం విశేషాలు లేవు. నేను దిట్టంగా ఉన్నాను. నువ్వు మందులు వేసుకో.

అలక తీరని,
నీ ఇన్‌స్పెక్టరు

*

ప్రియమైన ఇన్‌స్పెక్టరు గారికి,

రాళ్ళని పడుకోబెట్టి దుప్పటి కప్పారా! మా పొడుగు నర్సుకి చెబితే పడి పడి నవ్వింది. తర్వాత "మీ ఆయనకి రెండో గ్రేడ్ రావడం ఖాయం" అంది. ఆమె మాట నిజమవ్వాలి.

మీ యంత్రాల అమ్మాయి చెప్పలేదు గానీ, ఇక్కడ వీటి కథ వేరేగా ఉంది. యంత్రాలు వచ్చాక మా అంతస్తులో ఆయాలని సగానికి తగ్గించారు. ఫీజు తగ్గుతుందేమో అనుకున్నాం. తగ్గకపోగా బిల్లులో యంత్రాల పేరిట కొత్త వరస చేరింది. మేనేజరమ్మని అడిగితే "మీ భద్రత కోసమే కదమ్మా" అంది. నన్ను కనిపెట్టి ఉండే యంత్రానికి జీతం నేనే ఇస్తున్నానన్నమాట. అలాగని పూర్తిగా తిట్టలేను. మొన్న పక్క గదావిడ స్నానాల గదిలో జారి పడితే అత్తగారు గంట కొట్టింది, పొడుగు నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది. పాత రోజుల్లో అయితే ఆవిడ అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేది. కానీ ఇప్పుడు తల దువ్వేవాళ్ళు లేరు, కాసేపు కూర్చుని మాట్లాడేవాళ్ళు లేరు. మంచం దగ్గరికి మనిషి రావాలంటే పడాల్సిందే.

ఇక నాటకం. రిహార్సల్ ఎంతవరకు వచ్చింది? దర్శకురాలికి వివరాలు కావాలి, లేకపోతే మీ చేత తప్పులు దిద్దించలేను. పొద్దున్న మంచం దిగేటప్పుడు ముందు ఏ చెయ్యి ఆనిస్తున్నారు? స్నానం చేశాక లేవడానికి కుళాయి పట్టుకుంటున్నారా, గోడా? మెట్ల దగ్గర ఆగుతున్నారా? భోజనం కూర్చుని చేస్తున్నారా, నిలబడా? అన్నీ రాయండి, దాచకండి. నటుడు దర్శకుడి దగ్గర సిగ్గుపడకూడదు.

కొత్త కెటిల్ జాగ్రత్త. మాడ్చడం నటనలో భాగమే గానీ, ఇల్లు కాల్చడం కాదు.

మీ దర్శకురాలు

*

ప్రియమైన దర్శకురాలికి,

నీ నాటకం నిన్నటితో ముగిసింది. ఒక్క పూట ఆడింది.

నువ్వు రాసినట్టే కుంటుతూ వీధిలోకి వెళ్ళాను, చేతిలో గొడుగు కర్రలా పట్టుకుని. నాలుగు అడుగులు వేశాక ఏ కాలు కుంటాలో మరిచిపోయాను. దర్జీ కొట్టులోంచి చూసి "ఏంటి సార్, అటు వెళ్ళేటప్పుడు కుడి, ఇటు వచ్చేటప్పుడు ఎడమ?" అన్నాడు. వాళ్ళావిడ సూది నోట్లో పెట్టుకుని నవ్వింది. తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి గొడుగు మూల పెట్టేశాను. ఇక నటించను. యంత్రం ముందు నేను నేనుగానే ఉంటాను. ఏ గ్రేడ్ వస్తే అదే వస్తుంది.

నువ్వడిగిన వివరాలకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అవన్నీ ముసలివాళ్ళ సంగతులు. మంచం దిగేటప్పుడు ఏ చెయ్యి అని ఎవరు చూసుకుంటారు? మెట్ల మలుపులో కాసేపు ఆగుతాను, అక్కడ కిటికీలోంచి గాలి బాగా వస్తుంది. భోజనం నిలబడే చేస్తున్నాను, గిన్నెలు బల్ల మీదికి మోసుకెళ్ళి మళ్ళీ తేవడం దేనికి? వంట తగ్గించాను. బ్రెడ్, గుడ్డు, పాలు. ఒక్కడి కోసం పొయ్యి వెలిగిస్తే పొయ్యికి కూడా బద్ధకంగా ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం ఎప్పుడు అయిపోయిందో తెలియటం లేదు, పేపర్లో వార్తలు అంత బాగుంటున్నాయి.

చెప్పడం మరిచాను, హాల్లో గోడకి నడుము ఎత్తున ఒక మరక పడింది, చేతి ముద్రలాంటిది, పొడవునా. ఇంటాయన పాత సున్నం వేయించి ఉంటాడు. చెప్పాలి.

నా సంగతి దిగులు పడకు, హాయిగా ఉన్నాను. నిజంగానే హాయిగా ఉన్నాను. అదేమిటో ఈ నెల ఒళ్ళు తేలిగ్గా ఉంది.

రంగస్థలం నుంచి విరమించిన,
నీవాడు

*

ప్రియమైన మీకు,

ఇది చిన్న ఉత్తరం. పొడుగు నర్సు బయటికి వెళ్తోంది, పోస్టులో వేస్తానంది.

నిన్న ఒకప్పుడు బేకరీ నడిపిన దంపతులు జంట గది చూడటానికి వచ్చారు. జాబితాలో మన తర్వాత వాళ్ళే. ఆయన ముసలాడే గానీ ఇప్పటికీ ఒంటి నుంచి బ్రెడ్ వాసన వస్తోంది. ఆవిడ టేపు తెచ్చుకుని కర్టెన్ల కోసం కిటికీలు కొలిచింది. మన కిటికీలు! "నీలం రంగు బాగుంటుంది కదండీ" అని నన్నే అడిగింది. బాగుంటుందన్నాను. ఏమనను?

మీరు నటించకపోతే ఆ గది వాళ్ళదైపోతుంది. నేను ఎప్పుడూ ఇలా అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. నాకు మీరు కావాలి. పొద్దున్న పేపరు మడిచి నా వైపు తోసే మనిషి కావాలి. రాత్రి పక్కకి ఒత్తిగిలితే గోడ తగులుతోంది, చల్లగా. నాకు ఈ యంత్రాలు నచ్చకపోయినా వాటి చేత నన్ను చూడనిస్తున్నాను, ఎందుకంటే ఎవరో ఒకరు చూస్తుండాలి. మిమ్మల్ని ఎవరు చూస్తున్నారు?

మిగిలిన రోజులైనా మొండితనం మానండి. కుంటొద్దు, మామూలుగానే ఉండండి. కానీ ఏ రోజూ ఆ యంత్రాలు పీకెయ్యకండి. చేతి పట్టీ విప్పకండి. అది చాలు.

ఎదురుచూసే,
మీ ఆవిడ

*

ప్రియమైన శ్రీమతికి,

నెల అయిపోయింది. నిన్న ఆ అమ్మాయి వచ్చి అన్నీ ఊడదీసుకుని వెళ్ళింది. కెటిల్‌కి అంటించినది రాలేదు, అది వదిలేసింది.

నిన్ను మోసం చేసినట్టుంది. నీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకున్నాను, అయినా నటించలేకపోయాను. పట్టీ విప్పలేదు, దేన్నీ పీకలేదు, నువ్వడిగిన ఆ ఒక్కటీ చేశాను. మిగతా రోజులన్నీ నేనెలా ఉంటానో అలాగే ఉన్నాను. నాకు ఒకటో గ్రేడ్ వస్తుంది. గది బేకరీవాళ్ళది అవుతుంది. నన్ను తిట్టుకో, తిట్టుకునే హక్కు నీకుంది. మనకి పిల్లలు లేరు, నీకు నేను తప్ప తిట్టుకోవడానికి ఇంకెవరున్నారు?

నేనొకటి ఆలోచించాను. ఈ ఇల్లు వదిలేసి మీ హోమ్ పక్క వీధిలో చిన్న గది చూసుకుంటాను. అద్దె తక్కువగా, పై అంతస్తు అయినా పర్వాలేదు, మెట్లెక్కడం ఆరోగ్యానికి మంచిది. రోజూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను. ఖర్చు సంగతి నేను చూసుకుంటాను. ఇత్తడి రాళ్ళకి పాత సామాన్ల వాళ్ళు మంచి ధర ఇస్తామన్నారు.

బేకరీ ఆవిడతో చెప్పు, నీలం రంగు త్వరగా వెలిసిపోతుందని.

క్షమిస్తావని అనుకునే,
నీ మొండివాడు

*

ప్రియమైన శ్రీమతికి,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. రిపోర్టు వచ్చింది. రెండో గ్రేడ్!

సంతోషించకు. అది తప్పుడు రిపోర్టు. నేను నటించలేదని నీకు తెలుసు, ఆ ఒక్క పూట తప్ప. అయినా ఏం రాశారో చూడు. కుర్చీలోంచి ఒక ప్రయత్నంలో లేవలేకపోతున్నాడట. లేచాక తూలుతున్నాడట. ఇంట్లో ఎక్కువగా గోడ వెంబడే నడుస్తున్నాడట. ఫ్రిజ్ తలుపు రోజుకి ఒక్కసారి తెరుచుకుంటోందట, తిండి చాలటం లేదట. నీళ్ళు ఇంకిపోయేదాకా కెటిల్‌ని మరిచిపోతున్నాడట. పగలంతా కుర్చీలో ఉంటున్నాడట. ఒంటరిగా ఉంచడం మంచిది కాదట! ఎవరి గురించి ఇదంతా? ఏ ముసలాడి గురించి?

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. తూనికరాళ్ళ వల్ల యంత్రం లెక్క తప్పిందని గట్టిగా చెప్పాను. "రాళ్ళు పెట్టిన రోజు తీసేసి చూశాం సార్, కుంటుకుంటూ నడిచిన పూట కూడా తీసేశాం" అంది. నేను కుంటిన సంగతి ఆ చేతి పట్టీకి ఎలా తెలిసిందో! ఫోన్ పెట్టేశాను.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నువ్వంటావు. అను. కానీ దొంగ తూకంతో వచ్చింది రూపాయి అయినా, గది అయినా నాకొద్దు. ఆరోగ్యవంతుణ్ణి రోగిగా చూపించి గది తీసుకుంటే, ఎవరో నిజంగా అవసరమున్న ముసలాడి మంచం నేను లాక్కున్నట్టు. రిపోర్టుకి ఒప్పుకుంటే సంతకం పెట్టి శుక్రవారంలోగా పంపమన్నారు. లేదంటే ఒప్పుకోనని రాసి పంపాలి. ఒప్పుకోనని రాసి కవరులో పెట్టాను. నీకు చెప్పకుండా పంపడం మర్యాద కాదని ఆగాను.

నిజాయితీగా,
నీ ఇన్‌స్పెక్టరు

*

ప్రియమైన శ్రీవారికి,

కవరు పంపకండి. ముందు ఇది చదవండి, తర్వాత మీ ఇష్టం. కొరియర్ కుర్రాణ్ణి బతిమాలి ఈ రోజే చేర్చమన్నాను.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. ఆ రిపోర్టు అక్షరాలా నిజం. మీరు రాసిన ఉత్తరాల్లో కూడా అదే ఉంది, ఒకసారి గుర్తు చేసుకోండి. అటక మీది పెట్టె దించడానికి దర్జీని పిలిచినవారు ఎవరు? హాల్లో నడుము ఎత్తున మరక పడితే అది సున్నం తప్పా? ఆ చెయ్యి ఎవరిదండీ?

ఇప్పుడు నా వంతు. యంత్రాలు పెట్టకముందు మీరు ఆఖరిసారి నన్ను చూడటానికి వచ్చిన రోజు నేను కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. మీరు గేటు దగ్గర రిక్షా దిగారు. గేటు నుంచి తలుపు దాకా ఎంత దూరం? చిన్నపిల్లాడు గోళీకాయ విసిరితే అందేంత. ఆ దూరం నడవడానికి మీరు రెండుసార్లు ఆగారు. ఒకసారి చెట్టు పట్టుకుని, ఒకసారి బెంచీ మీద కూర్చుని. కూర్చున్నవారు లేవడానికి పడిన అవస్థ చూసి నేను వాకర్ లేకుండా లేచి నిలబడ్డాను. తర్వాత మీరు జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నారు, మొహం తుడుచుకున్నారు, వీపు నిలబెట్టి పెళ్ళికొడుకులా నా గదిలోకి వచ్చారు. "గుండ్రాయిలా ఉన్నాను" అన్నారు. నేను నమ్మినట్టు నవ్వాను. మీరు వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను. ఆడపడుచు ఆ సంగతి కూడా నర్సులకి చేరవేసింది, పొడుగు నర్సు వచ్చి ఏమైందమ్మా అని అడిగింది. అన్నీ చెప్పేశాను. మన ఇంట్లో యంత్రాలు పెట్టించమని మేనేజరమ్మని బతిమాలడం ఆమె ఇచ్చిన ఆలోచనే.

"మీకు సాయం కావాలి" అంటే మీరు ఆ యంత్రాలని మెట్ల మీంచి తోసేసేవారు. అందుకే నటించమన్నాను. మీరు నటిస్తారని నేను ఒక్క రోజు కూడా అనుకోలేదు. నటించమంటే మీరు పట్టుదలగా నిజంగానే ఉంటారని తెలుసు. నలభై అయిదేళ్ళు కాపురం చేశాను మీతో. ఆ ప్రశ్నలన్నీ అడిగింది మీ నటన దిద్దడానికి కాదు, మీరెలా ఉన్నారో తెలుసుకోవడానికి. బేకరీ దంపతులు మాత్రం నిజం. కర్టెన్లు కొలిచింది కూడా నిజం. ఆ ఒక్కటీ నేను కల్పించలేదు.

మీరు ఎన్ని దుకాణాలకి సీలు వేయించారు? కాటా చూసి, రాళ్ళు పెట్టి పరీక్షించి, తేడా ఉందని తేలాక "నాకు బాగానే ఉంది సార్" అని దుకాణదారు అంటే ఒక్కణ్ణయినా వదిలారా? ఈ కాటాని మీరే పరీక్షించారు. మంచిదేనని నాకు రాశారు.

ఎవరో అవసరమున్న ముసలాడి మంచం అన్నారు. ఆ ముసలాడు మీరే. నాకు అవసరమున్న ముసలాడు కూడా మీరే. రండి.

మిమ్మల్ని మోసం చేసినందుకు ఏమాత్రం పశ్చాత్తాపం లేని,
మీ ఆవిడ

*

ప్రియమైన నీకు,

సంతకం పెట్టి పంపాను. ఒప్పుకోనని రాసిన కాగితానికి స్టాంపు కూడా అంటించేశాను. నీ ఉత్తరం ఇంకొక రోజు ఆలస్యమైతే నా డాంబికానికి మన గది బలయ్యేది.

నీకు అన్నీ తెలుసని మురిసిపోకు. నువ్వు కిటికీలోంచి చూసింది సగమే. అది నా వేషంలో ఆఖరి అంకం. బస్సు దిగిన దగ్గర్నుంచీ మొదలయ్యేది. బస్టాండులో చాలాసేపు కూర్చుని ఆయాసం తగ్గాకే రిక్షా ఎక్కేవాణ్ణి. ఆ సంగతి బస్టాండులో టీ కొట్టు ఆవిడకి తెలుసు, నీకు తెలియదు.

ఇంకొకటి కూడా నీకు తెలియదు. పోయినేడు నువ్వు వంటింట్లో పడ్డ రోజు, నిన్ను కదిలించకూడదని ఫోన్ చెయ్యడానికి పరిగెత్తానని అందరికీ చెప్పాను. ముందు నిన్ను ఎత్తబోయాను. నువ్వు స్పృహలో లేవు. నా చేతుల్లో బలం లేకపోయింది. నా భార్యని నేల మీంచి లేపలేకపోయాను. ఆ రోజు నుంచి నీ ముందు దిట్టంగా ఉండటమే నా ఉద్యోగమైపోయింది. నువ్వు దిగులు పడకూడదని కొంత, నా సిగ్గు కొంత. ఏడాది పాటు ప్రతి నెలా ఒక రోజు నటించాను. మిగతా రోజులు ఆ ఒక్క రోజు కోసం బలం దాచుకున్నాను. ఉత్తరాల్లో కూడా నటించాను. రిపోర్టు తప్పని నీతులు రాసింది కూడా నటనే. నన్ను చూసి జనం నటించడం రాదనుకుంటారు గానీ, నీ దగ్గర చదువుకున్న చెట్టు వేషం పిల్లాడి కంటే నేనే నయం.

ఈ నెల నువ్వు రావు, నేను రాకూడదు. చూసేవాళ్ళు లేరు. యంత్రాన్ని నేను మనిషిగా లెక్క వెయ్యలేదు. అందుకని నెలంతా ముసలాడిగా ఉన్నాను. గోడ పట్టుకుని నడిచాను, లేవలేకపోతే కూర్చుండిపోయాను, నిద్రొస్తే నిద్రపోయాను. చెప్పాను కదా, ఒళ్ళు తేలిగ్గా ఉందని. అంత సుఖంగా నేను ఉండి చాలా కాలమైంది.

గురువారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. సామాను దర్జీ తన తమ్ముడి వ్యానులో తెస్తాడు. గేటు దగ్గరికి ఎవరినైనా పంపు, చెయ్యి అందివ్వడానికి. ఇద్దరిని పంపినా కాదనను. నువ్వు కిటికీ దగ్గరే కూర్చో, నేనెలా నడిచి వస్తానో మొత్తం చూడు.

దువ్వెన లేకుండా బయల్దేరుతున్న,
నీ ముసలాడు